ఏ రూపాయి?

బ్యాంకాక్ ఎయిర్‌పోర్టులో ఆ ఏటీఎం ముందు నిలబడేటప్పటికి నాకు 26 ఏళ్లు. ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం ఉంది, అదీ పేమెంట్ల సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం. వెనక క్యూలో నలుగురున్నారు. పదివేల బాత్ కావాలని నొక్కాను. స్క్రీన్ మీద ఒక ప్రశ్న వచ్చింది: మీ ఖాతాలోంచి భారత రూపాయల్లో తీసుకోమంటారా, థాయ్ బాత్‌లో తీసుకోమంటారా? పరాయి దేశంలో రూపాయి అన్న మాట కనబడగానే ప్రాణం లేచొచ్చింది. మన రూపాయే కదా అని నొక్కేశాను.

రూముకెళ్లి లెక్క చూసుకున్నాను. ఆ రోజు మార్కెట్లో బాత్ ధర సుమారు రెండున్నర రూపాయలు. పదివేల బాత్ అంటే 25,000. నా ఖాతాలోంచి పోయింది 27,083. మెషిన్ ఫీజు 220 బాత్ కలిపి, బాత్‌ను 2.65 చొప్పున లెక్కగట్టి లాగేసుకుంది. ఒక్క బటన్ నొక్కినందుకు 2,083 రూపాయలు. మా దగ్గర పత్తి ఏరే అక్కకి అది దాదాపు వారం కూలి.

పరువు పోతుందని రెండేళ్లు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మొన్న నాగర్‌కర్నూలు నుంచి మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు.

"అన్నా, దుబాయ్ పోతున్న. ఎలక్ట్రీషియన్ పని. నువ్వు ఫారిన్ పోయొచ్చినోడివి గదా, పైసలు ఈడనే మార్చుకోవాల్నా, ఆడికి పోయినంక మార్చుకోవాల్నా?"

ఫోన్లోనే చెప్పేయొచ్చు. కానీ వాడు వెళ్లేముందు గద్వాలలో ఉన్న మా అవ్వ దగ్గరికి పోయి చెప్పొద్దామంటున్నాడు. నేనూ ఇంటికెళ్లి మూడు నెలలైంది. శనివారం పొద్దున్నే బైక్ తీశాను. అనుకున్నదల్లా రెండు రోజుల ట్రిప్పు. డబ్బు మార్పిడి గురించి పాఠం చెప్పడానికి బయల్దేరి, పాఠం నేర్చుకుని వచ్చాను.

నాగర్‌కర్నూలు: నలభై వేల జీతం

జడ్చర్ల దాకా 44వ నంబర్ జాతీయ రహదారి. అక్కడ హైవే వదిలి లోపలికి తిరిగితే రోడ్డు చిన్నదవుతుంది, ఆకాశం పెద్దదవుతుంది. పత్తి చేన్లు, మొక్కజొన్న, మధ్యమధ్యలో ఎర్ర దుబ్బ. 2016 దసరా నాడు కొత్త జిల్లాలు రాకముందు నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల అన్నీ పాలమూరే. పాలమూరు అంటే వలస. డ్యాములు ఎక్కడ కడుతుంటే అక్కడ మట్టి ఎత్తింది మావాళ్లే. మా తాతల తరం తట్టాబుట్ట పట్టుకుని పోయింది. మా తమ్ముడి తరం పాస్‌పోర్టు పట్టుకుని పోతోంది.

చిన్నమ్మ జొన్నరొట్టె పెట్టింది. వాడు ఫైల్ పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. ఐటీఐ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, మెడికల్ రిపోర్టు, ఏజెంట్ ఇచ్చిన ఆఫర్ లెటర్.

"జీతమెంత?"

"నలభై వేలన్నా."

అప్పు లక్షా ఇరవై వేలు, నూటికి రెండు వడ్డీ. నెలకి 30 వేలు పంపితే నాలుగైదు నెలల్లో అప్పు తీరుతుందని, తర్వాత ఇంటి మీద రేకులు తీసేసి స్లాబ్ వేయొచ్చని చిన్నమ్మ అప్పటికే లెక్కేసి పెట్టుకుంది. నేనూ ఆఫర్ లెటర్ పైపైన చూసి ఫైల్ మూసేశాను. సంతకం ఉంది, స్టాంపు ఉంది, చాలనుకున్నాను. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాం.

వనపర్తి: రాజావారి సొంత నాణెం

మధ్యాహ్నానికి ఇద్దరం బయల్దేరాం. బిజినేపల్లి దగ్గర వట్టెం వైపు దారి చూపించే బోర్డు కనబడింది. మా అవ్వ నోట వినే 'వట్టం' అన్న మాట గుర్తొచ్చింది. ఆ ఊరు వట్టెం వేరు, ఈ వట్టం వేరు. ఒక డబ్బు ఇచ్చి ఇంకో డబ్బు తీసుకునేటప్పుడు మార్చేవాడు మధ్యలో మిగుల్చుకునేది వట్టం. ఇప్పుడు మన బ్యాంకులు ఇంగ్లిష్‌లో మార్కప్ అంటున్నది దాన్నే. మాట మనకు ముందే ఉంది. మరి పనీ ముందే ఉండాలి కదా?

ఉండేది. వనపర్తిలో రాజభవనం ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ. ఒకప్పుడు దర్బారు నడిచిన చోట ఇప్పుడు పిల్లలు డిప్లొమా రికార్డులు రాసుకుంటున్నారు. బయట చాయ్ తాగుతూ ఫోన్లో పాత నాణేల జాబితాలు తిరగేశాను. నాణేలు సేకరించేవాళ్ల కేటలాగుల్లో హైదరాబాద్ రాజ్యం కింద గద్వాల, వనపర్తి, నారాయణపేట, షోరాపూర్ పేర్లు విడివిడిగా ఉంటాయి. అంటే నిజాంకి కప్పం కట్టే సంస్థానాలు కూడా సొంత నాణేలు వేసుకున్నాయి. గద్వాల నాణెం గురించి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన ఇంపీరియల్ గెజిటియర్‌లోనూ ఉంది: అది అప్పటికింకా రాయచూరు జిల్లాలో చెల్లుతోందట. గద్వాల అప్పట్లో రాయచూరు జిల్లాలోనే ఉండేది. 1956లో రాష్ట్రాలు మారినప్పుడే పాలమూరులో కలిసింది.

"అంటే మనూర్లకు మనయే పైసలుండెనా అన్నా?" అని తమ్ముడు నోరెళ్లబెట్టాడు. ఊరు దాటితే డబ్బు మారే కాలం ఒకటుండేది. మనం వీసా తీసుకుని, విమానమెక్కి, ఎయిర్‌పోర్టులో పడే తిప్పలు మావాళ్లు ఎడ్లబండి మీద పడ్డారు.

పెబ్బేరు సంత

వనపర్తి నుంచి పెబ్బేరుకొచ్చి మళ్లీ హైవే ఎక్కాలి. శనివారం కాబట్టి సంత రోజు. పెబ్బేరు సంతంటే పశువుల సంత. కోడెలు, బర్రెలు, గొర్లు, తాళ్లు, గంటలు, దుమ్ము. బేరాలు గట్టిగా సాగుతున్నాయి. చేతులు కలిపి పైన తువ్వాల కప్పి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునే ముసలాయన ఒకడు ఇప్పటికీ ఉన్నాడు. బేరం తెగాక మాత్రం కొన్నవాడు ఫోన్ తీసి క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాడు. డబ్బు వచ్చిపడ్డట్టు అమ్మినవాడి జేబులోంచి గొంతు వినబడింది.

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాం. ఆంజనేయస్వామి గుడి దగ్గర ఐదు నిమిషాలు ఆగి, ఎర్రవల్లి చౌరస్తాలో కుడికి తిరిగి, చీకటి పడే వేళకి గద్వాల చేరాం.

గద్వాల: అవ్వ లెక్క

ఊరి మధ్యలో కోట, కోటలో చెన్నకేశవస్వామి గుడి, అదే కోటలో డిగ్రీ కాలేజీ. నల్ల సోమనాద్రి కట్టించిన కోట అది. పండితులను పోషించిన సంస్థానం కాబట్టి విద్వద్గద్వాల అని పేరు. ఇప్పుడు మాత్రం ఊరి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది చీర. ఒంటికి నూలు, అంచుకీ కొంగుకీ పట్టు, రెండింటినీ మగ్గం మీదే కలుపుతారు. 2010లో జీఐ గుర్తింపు వచ్చింది.

మా ఇంటి దగ్గరి చీరల షాపాయన రాత్రిపూట అమెరికా వాళ్లకి వీడియో కాల్‌లో చీరలు చూపిస్తుంటాడు. డాలర్లలో ధర ఎలా చెప్తారని అడిగాను. "గూగుల్‌ల చూపించే రేటు మనకు దొరికే రేటు గాదు సార్. దానికంటే రెండ్రూపాయలు తక్కువేసుకుని చెప్త. అప్పుడే నా రూపాయలు నాకొస్తయి" అన్నాడు. ఇంజినీరింగ్ చదవలేదు. నాకంటే ముందున్నాడు.

అవ్వ మామ ఇంట్లో ఉంటుంది. 85 దాటాయి. చెవులు కాస్త తగ్గాయి, లెక్క తగ్గలేదు. తమ్ముడు కాళ్లకు మొక్కి దుబాయ్ సంగతి చెప్పాడు.

"దుబాయ్‌ల ఏం పైసలు రా?"

"దిర్హాములు అవ్వా."

"ఓహో. హాలీ, కల్దార్ లెక్కనా?"

నేను కూర్చున్నాను. అవ్వ చెప్పింది.

ఆమె చిన్నప్పుడు మావైపు చెల్లేది హాలీ సిక్కా, అంటే నిజాం రూపాయి. తుంగభద్ర దాటితే కర్నూలు, అది ఆంగ్లేయుల మద్రాసు రాష్ట్రం. అక్కడ చెల్లేది కల్దార్. యంత్రం మీద కొట్టిన రూపాయి కాబట్టి ఆ పేరు. ఏరు ఒకటే, ఒడ్డు ఒడ్డుకీ రూపాయి వేరు. కర్నూలు పోవాలంటే కల్దార్ కావాలి, తిరిగొచ్చేటప్పుడు హాలీ కావాలి. మధ్యలో షరాబు, షరాబుకు వట్టం. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు, ఇదీ మోటు లెక్క.

ఈ ఏడూ ఆరూ ఎక్కణ్నుంచి వచ్చాయో నేను తర్వాత కూర్చుని లెక్కేశాను. హాలీ వెండి రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. కల్దార్ 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. అంటే ఒకదాంట్లో 9.14 గ్రాముల వెండి, రెండోదాంట్లో 10.69. భాగించి చూడండి, దాదాపు ఏడుకి ఆరే. ఏడు హాలీలు కరగబెట్టినా, ఆరు కల్దార్లు కరగబెట్టినా దొరికే వెండి ఇంచుమించు ఒకటే. ఆ రేటుకి గట్టి కారణముంది.

ఇంకో సరదా సంగతి. కట్నకానుకల్లో నూటపదహార్లు ఇస్తాం కదా. నూరు కల్దార్లకు 116 హాలీలు, పైన మరికొన్ని అణాలు వస్తాయి. ఆ అలవాటు ఈ మారకం నుంచే వచ్చిందని చాలామంది చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ లెక్క మాత్రం భలే కుదురుతుంది.

అవ్వ ఇదంతా కథలా చెప్పలేదు. వాళ్ల నాయిన మోసపోయిన సంగతి చెప్పడానికి చెప్పింది.

అవ్వ పుట్టిల్లు పెబ్బేరు దగ్గరి పల్లె. ఆమెకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లప్పుడు వాళ్ల నాయిన కోడెల జతను పెబ్బేరు సంతకు తోలుకుపోయాడు. కొనడానికి వచ్చినవాడు కర్నూలువైపు మనిషి. మూడు వందలకు బేరం తెగింది. అవతలి ఒడ్డు మనిషి కాబట్టి కల్దార్ ఇస్తాడనుకుని మా ముత్తాత సరేనన్నాడు. మూడు వందల కల్దార్ అంటే మూడు వందల యాభై హాలీ. పైన వచ్చే యాభైతో బిడ్డకు వెండి కడియాలు చేయిస్తానని పొద్దున బయల్దేరేటప్పుడే చెప్పాడు.

సాయంత్రం మూట విప్పితే మూడు వందలూ హాలీలే.

"మల్ల సంతకు ఉర్కిండు. వాడు నవ్విండంట. మీ దిక్కు రూపాయంటే హాలీనే గదనే పెద్దయ్యా, నేనేమన్న కల్దార్ అన్ననా అన్నడంట. వాడు అబద్ధమాడలే. మా నాయిన అడుగలే. ఏ రూపాయి అని అడుగలే."

కడియాలు చేయించలేదు. ఆ తర్వాత పెళ్లిదాకా కాళ్లకు ఏమీ లేవు. అది చెప్పేటప్పుడు అవ్వ తన పాదాల వైపు చూసుకుంది.

పెట్టెలోంచి గుడ్డ మూట తీసి ఒక హాలీ రూపాయి చూపించింది. ఒకవైపు చార్మినార్, నడిమి కమాను లోపల చిన్న ఉర్దూ అక్షరం. ఆఖరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరులోని మొదటి అక్షరం అది. 1918 నుంచి హైదరాబాద్‌కు సొంత కాగితపు నోట్లూ ఉండేవి, వాటిమీద తెలుగులో కూడా రాసేవాళ్లు. 1948లో రాజ్యం పోయినా రూపాయి వెంటనే పోలేదు. 1950లో ఏడుకి ఆరు లెక్కన భారత రూపాయి పక్కనే నడిచింది, 1951లో కొత్తవి వేయడం ఆపారు, 1959 దాకా చెల్లింది.

ఇంకో సంగతి చెబితే తమ్ముడు నమ్మలేదు. దుబాయ్‌లో ఒకప్పుడు చెల్లింది మన రూపాయే. హాలీ పూర్తిగా రద్దయిన ఆ 1959లోనే మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకంగా వేరే రూపాయి నోట్లు వేసింది. 1966లో మన రూపాయి విలువ తగ్గించాక వాళ్లు దాన్ని వదిలేశారు. దిర్హామ్ వచ్చింది 1973లో. 1997 నుంచి ఒక డాలర్‌కు 3.6725 దిర్హాములన్న లెక్క కదలలేదు. మన ఏడుకి ఆరు లాంటిదే.

అవ్వ అంతా విని, తమ్ముడి వైపు తిరిగి ఒకటే అడిగింది.

"నీ జీతం నలభై వేలంటివి. ఏ రూపాయి?"

మళ్లీ ఆఫర్ లెటర్

నాకు సిగ్గేసింది. ఆఫీసులో మొత్తం పక్కన కరెన్సీ కోడ్ లేకుండా ఎవరైనా కోడ్ రాస్తే రివ్యూలో నేనే వెనక్కి పంపిస్తాను. నలభై వేలు అన్న అంకె పక్కన ఏముందో మాత్రం చూడలేదు. ఫైల్ తెప్పించి మళ్లీ చదివాం.

బేసిక్ 1,000 దిర్హాములు, భోజనానికి 300. మొత్తం 1,300. లెక్క తేలిక కోసం దిర్హామ్ 24 రూపాయలనుకుంటే 31,200. నలభై వేలు ఎక్కడా లేదు. తమ్ముడు ఏజెంట్‌కి ఫోన్ చేశాడు. ఓవర్‌టైం కలిపితే అంతొస్తుందని జవాబు. ఓవర్‌టైం ఎన్ని గంటలో, ఎంత ఇస్తారో కాగితంలో లేదు.

రాత్రి పదకొండు దాకా నేలమీద కూర్చుని లెక్క మళ్లీ వేశాం. భోజనం డబ్బు అక్కడే అయిపోతుంది. బేసిక్‌లో ఫోన్‌కి, చిల్లర ఖర్చులకి వంద దిర్హాములు తీసేస్తే ఇంటికి వచ్చేది 21,600. వడ్డీ నెలకి 2,400తో మొదలవుతుంది. అప్పు నాలుగైదు నెలల్లో కాదు, ఆరో నెలలో గానీ తీరదు. స్లాబ్ సంగతి వచ్చే ఏడాది.

"పోవాల్నా వద్దా అన్నా?"

నేను చెప్పలేకపోయాను. ఏసీ ఆఫీసులో కూర్చునేవాడు చెప్పే మాట కాదది. అవ్వే అంది, "పోరా. గానీ తెలిసి పో."

తమ్ముడికి రాసిచ్చిన కాగితం

ఆదివారం పొద్దున వాడు అడిగిన అసలు ప్రశ్నకు జవాబు రాసిచ్చాను. మీకూ పనికొస్తుంది.

ఒకటి. మెషిన్ గానీ, షాపులో స్వైప్ చేసేవాడు గానీ రూపాయల్లోనా, ఇక్కడి డబ్బులోనా అని అడిగితే కళ్లు మూసుకుని అక్కడి డబ్బే ఎంచుకోండి. రూపాయల్లో అన్నారంటే రేటు మెషిన్‌వాడు వేస్తాడు. నా 2,083 పోయింది ఎక్కువగా అక్కడే.

రెండు. జీరో కమిషన్ అన్న బోర్డు చూసి మురిసిపోవద్దు. కమిషన్ లేకపోతే వట్టం రేటులో ఉంటుంది. కొనే రేటు, అమ్మే రేటు రెండూ అడగండి. ఆ రెండింటి మధ్య ఎడం ఎంత పెద్దదైతే మీకు అంత నష్టం. గూగుల్ చూపించేది నడిమి రేటు. అది మీకు దొరకదు, కానీ ఎంత దూరంలో ఉన్నారో చెప్తుంది. చివరికి అడగాల్సిన ప్రశ్న ఒకటే: అన్నీ పోను నా చేతికి ఎంతొస్తుంది?

మూడు. వెళ్లేముందే రెండు మూడు లైసెన్సున్న చోట్ల రేటు కనుక్కుని ఇక్కడే కొంత మార్చుకోండి. ఎయిర్‌పోర్టులో మార్చాల్సి వస్తే టాక్సీకి, ఒక పూట భోజనానికి సరిపోయేంత చాలు. మామూలు బ్యాంకు కార్డు మీద విదేశాల్లో మూడు, మూడున్నర శాతం దాకా మార్కప్, దాని మీద జీఎస్టీ పడొచ్చు. మీ కార్డుకి ఎంతో ముందే చూసుకోండి. ఫారెక్స్ కార్డులో డబ్బు వేసిన రోజు రేటు ఖాయమైపోతుంది. రెండు కార్డులుంటే రెండూ ఒకే పర్సులో పెట్టొద్దు.

నాలుగు. రూల్సు. ఎక్కువ దేశాలకు ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ దాకా విదేశీ నోట్లు తీసుకెళ్లొచ్చు, మిగతాది కార్డులో. ఫారెక్స్ కొనేటప్పుడు 50,000 రూపాయలు, ఆపైన అయితే నోట్లతో కట్టడం కుదరదు, బ్యాంకు ద్వారానే కట్టాలి. మన నోట్లు 25,000 దాకా వెంట ఉంచుకోవచ్చు, తిరిగొచ్చాక ఆటోకి పనికొస్తాయి. మిగిలిన విదేశీ డబ్బును 180 రోజుల్లో మార్చేయాలి, 2,000 డాలర్ల విలువ దాకా నోట్లు దాచుకోవచ్చు. రసీదులు పారేయొద్దు.

ఐదు. మన యూపీఐ సింగపూర్, యూఏఈ, నేపాల్, శ్రీలంక లాంటి చోట్ల కొన్ని షాపుల్లో పనిచేస్తుంది. కొన్ని అన్న మాట గుర్తుంచుకోండి. దాన్నొక్కదాన్నే నమ్ముకుని బయల్దేరొద్దు.

ఆరు. ఇది పనికి వెళ్లేవాళ్లకి. ఇంటికి పంపేటప్పుడు ఫీజు ఎంత తక్కువో చూడొద్దు, అమ్మ ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయో చూడండి. తెలిసినవాడు రెండ్రూపాయలు ఎక్కువిస్తాడని హవాలా వైపు పోవద్దు. అది చట్టవిరుద్ధం, డబ్బు రాకపోతే అడగడానికి కాగితం ఉండదు. రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోవాల్సిన సర్వీస్ ఛార్జీకి 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ అని పరిమితి ఉంది. అంతకు మించి అడిగితే దేనికో రాసిమ్మనండి.

ఏరు దాటి

మధ్యాహ్నం అలంపురం వెళ్లి జోగులాంబ అమ్మవారికి మొక్కుకున్నాం. అక్కణ్నుంచి కర్నూలు పక్కనే. అలంపురం గుళ్లకి రాళ్లు మోసే బండ్లవాళ్లు తుంగభద్ర దాటేముందు అవతలి ఒడ్డున ఆగి ఇరుసులకు కందెన రాసుకునేవాళ్లట, అందుకే ఆ ఊరు కందెనవోలు, తర్వాత కర్నూలు అయిందని చెబుతారు.

బ్రిడ్జి మీద బండి ఆపాం. 2014 నుంచి మళ్లీ ఇది సరిహద్దే. ఇటు తెలంగాణ, అటు ఆంధ్రప్రదేశ్. పెట్రోలు ధర మారుతుంది, బోర్డుల రంగు మారుతుంది, రూపాయి మాత్రం మారదు. అవతల కర్నూల్లో బంగారం షాపులుండే వీధిని ఇప్పటికీ షరాఫ్ బజార్ అనే అంటారు. షరాబు పోయాడు, వీధికి పేరు మిగిలింది. నిజానికి షరాబు కూడా పోలేదు. ఏటీఎంలోకి, యాప్‌లోకి, ఎయిర్‌పోర్టు కౌంటర్‌లోకి వెళ్లి కూర్చున్నాడు. ఇప్పుడు ముఖం కనబడదు, అంతే తేడా. ఎదురుగా మనిషి లేకపోతే బేరమాడాలని మనకు తోచదు.

బ్యాంకాక్ సంగతి అక్కడే తమ్ముడికి చెప్పాను. వాడు పడీపడీ నవ్వాడు. "రెండువేలకు ఇన్ని దినాలు నోరు మూస్కున్నవా అన్నా?" అన్నాడు. అవును. మా ముత్తాత కూడా ఆ యాభై రూపాయల మాట బయట ఎవరికీ చెప్పలేదట. ఇంట్లో అవ్వకు మాత్రమే తెలుసు. మోసపోయినవాళ్లు సిగ్గుపడి నోరు మూసుకుంటారు కాబట్టే అదే గుంటలో తర్వాతివాడూ పడతాడు. అందుకే ఇదంతా ఇలా పదిమందిలో రాస్తున్నాను.

తమ్ముడు ఏజెంట్ వెంటపడి ఓవర్‌టైం రేటు, గంటలు కాగితం మీద రాయించుకున్నాడు. దానికి మూడు వారాలు ఆలస్యమైంది. పోయిన నెల వెళ్లాడు. దిగిన రోజు రాత్రి ఏటీఎం స్క్రీన్ ఫోటో పెట్టాడు. రూపాయల్లోనా, దిర్హాముల్లోనా అని అదే ప్రశ్న. కింద వాయిస్ మెసేజ్: "దిర్హామే నొక్కిన. అవ్వకు చెప్పు."

అవ్వకు ఫోన్ చేసి చెప్పాను. ఆమెకు ఏటీఎం అంటే ఏంటో సరిగ్గా అర్థం కాలేదు. "అడిగిండా?" అంది. అడిగాడన్నాను. "అయితే సాలు" అంది.